బొమ్మ కింద సంతకం ఎవరిది?

ముఖచిత్రం చింపి గోడకు అంటించుకునే సరదా మనతోనే మొదలయిందని ఎవరైనా అంటే నమ్మకండి. వెనకటికి పత్రిక పిన్నులు ఊడదీసి, నడిమి పేజీ నలగకుండా లాగి, అన్నం మెతుకులతో అభిమాన తార బొమ్మను గోడకు అతికించినవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లలు ఇవాళ మాదాపూర్ హాస్టళ్ళలో కూర్చుని అదే పని ఫోను తెర మీద చేస్తున్నారు. మెతుకులు పోయాయి, మెగాబైట్లు వచ్చాయి. సరదా మాత్రం అదే!

ఈ సరదాకి ముత్తాతలు జపాన్‌లో ఉన్నారు. ఎడో అనే మహానగరం (ఇప్పటి టోక్యో అన్నమాట) అంగళ్ళలో 1765 నుంచి రంగురంగుల అచ్చుబొమ్మలు అమ్మేవారు. చెక్క మీద చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్దిన బొమ్మలు. ఖరీదు సుమారుగా ఒక గిన్నె నూడుల్స్‌కి అయ్యేంత. కుర్రకారు కొనుక్కుని, చుట్టచుట్టి చంకలో పెట్టుకుని పోయేవారు. వాటిల్లో కొండలూ నదులూ కూడా ఉండేవి గాని, గిరాకీ అంతా ఇద్దరికే. ఒకరు కబుకి నాటకాల నటులు. రెండోవారు యోషివారా వేశ్యలు.

ఈ వారం కబుర్లు ఆ రెండోవారి గురించి. అక్కణ్ణించి మన గోల్కొండకీ, గోల్కొండ నుంచి హైటెక్ సిటీకీ వస్తాను. కంగారు పడకండి, మధ్యలో వదిలేసి పోను!

కటకటాల వెనుక తారలు

యోషివారా అంటే ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి పెట్టించిన వేశ్యావాటిక. 1617లో అనుమతి వచ్చింది. 1657లో ఎడో నగరం చాలావరకు తగలబడిపోయాక దాన్ని ఊరిచివరకి, అసకుసా ఆలయం వెనక్కి మార్చారు. చుట్టూ కందకం, ఒకటే పెద్ద ద్వారం. మగవాళ్ళు రావచ్చు, పోవచ్చు. లోపలి ఆడవాళ్ళు మాత్రం గడప దాటడానికి వీల్లేదు. వీధివైపు గదులకి చెక్క కటకటాలు. వాటి వెనుక పట్టుబట్టలు కట్టుకుని వరసగా కూర్చునేవారు. జేబులో డబ్బున్నవాడూ లేనివాడూ బయట నిలబడి చూసేవారు. చూడ్డానికి టిక్కెట్టు లేదుగా!

అందరిలోకీ పైమెట్టు మీద ఉన్న ఆమెని ఒయిరన్ అనేవారు. ఒయిరన్ వీధిలోకి అడుగు పెట్టిందంటే అదొక ఊరేగింపు. ఎత్తయిన చెక్క చెప్పులు, తలనిండా సూదులు, వెంట ఇద్దరు చిన్నపిల్లలు, వెనుక గొడుగు పట్టే మనిషి. ఆమె కొప్పు ఎలా వేసుకుందో, బట్ట మీద ఏ పువ్వు ఉందో బొమ్మలో చూసి ఊళ్ళో ఇల్లాళ్ళు కూడా అలాగే వేసుకునేవారు. తెర మీద తార కట్టిన చీర మర్నాటికల్లా అబిడ్స్ షాపులో వేలాడడం మనకి కొత్తా?

ఈ బొమ్మలు గీసినవాళ్ళలో పేరు మోసినవాడు కితగావా ఉతమారో. అచ్చు వేయించి అమ్మినవాడు త్సుతయా జూజబురో. ఈ జూజబురోగారి పేరు మీరు విని ఉండకపోవచ్చు గాని, అలాంటి మనిషిని తప్పకుండా చూసే ఉంటారు. పుట్టింది 1750లో, యోషివారాలోనే. దుకాణం పెట్టింది యోషివారా పెద్దద్వారం దగ్గర. మొదట అమ్మింది ఏమిటయ్యా అంటే, ఏ ఇంట్లో ఎవరున్నారు, ఎవరి హోదా ఎంత అని వివరించే గైడు పుస్తకం. ఆ తర్వాత బొమ్మలు. అంటే మన పరిశ్రమ లెక్కన నిర్మాత, పంపిణీదారు, పబ్లిసిటీ ఇన్‌చార్జి, ముగ్గురూ ఆయనే. జపాన్ ఎన్.హెచ్.కె. టెలివిజన్‌వారు 2025లో ఏడాది పొడుగునా ఆయన కథనే సీరియల్‌గా నడిపారు. దాని పేరు 'బెరబో'.

ఒక్క బొమ్మకి ఎన్ని చేతులో చూడండి. చిత్రకారుడు కాగితం మీద గీస్తాడు. చెక్కేవాడు ఆ గీతల్ని చెర్రీ చెక్క మీదకి తెస్తాడు. వెంట్రుక వెంట్రుక విడిగా కనబడాలి మరి! ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. అచ్చు వేసేవాడు వాటిని ఒకదాని మీద ఒకటి అంగుళంలో వెంట్రుకవాసి కూడా జరక్కుండా అద్దుతాడు. డబ్బు పెట్టేది ప్రచురణకర్త. తీరా బొమ్మ మీద కనిపించేవి ఏమిటి? చిత్రకారుడి సంతకం, ప్రచురణకర్త గుర్తు, సెన్సారువారి ముద్ర. అవునండీ, సెన్సారే! 1790 నుంచి ఆ ముద్ర లేనిదే బొమ్మ బజారులోకి రాకూడదు. చెక్కినవాడి పేరు చాలా బొమ్మల మీద ఉండదు. మన సినిమాల్లో లైట్‌బాయ్ పేరు లాగా!

మరి బొమ్మలో ఉన్న మనిషి పేరో?

పేరూ అద్దెదే

పేరు ఉండేది. ఫలానా ఇంటి ఫలానా ఒయిరన్ అని స్పష్టంగా రాసేవారు. ఆహా, ఎంత గౌరవం అనుకుంటున్నారా? కాస్త ఆగండి. ఆ పేరు ఆమె తల్లిదండ్రులు పెట్టింది కాదు. యజమాని ఇచ్చింది. మియురయా అనే ఇంట్లో 'తకావో' అని ఒక ప్రసిద్ధమైన పేరుండేది. ఒక తకావో పోతే ఇంకొక అమ్మాయిని తకావో చేసేవారు. అలా తరాల తరబడి తకావోలు వచ్చారు. పేరు ఇంటిది, మనిషి మారేది. అంటే ఆ పేరు దుకాణం బోర్డు వంటిదన్నమాట.

1793లో సర్కారువారు ఒక తమాషా ఉత్తర్వు చేశారు. వేశ్యల పేర్లు తప్ప వేరే ఆడవాళ్ళ పేర్లు బొమ్మల మీద రాయకూడదని! అప్పట్లో టీకొట్లలో పనిచేసే అందమైన అమ్మాయిల బొమ్మలు కూడా జోరుగా అమ్ముడుపోయేవి. ఉతమారో తెలివిగా పేరు రాయడం మాని, ఆ పేరు స్ఫురించేలా చిన్నచిన్న వస్తువుల బొమ్మలు మూలన గీశాడు. పొడుపుకథ అన్నమాట. 1796లో అదీ కూడదన్నారు. మామూలు ఇంటి ఆడపిల్ల పేరు నలుగురి నోళ్ళలో పడకూడదట, వేశ్య పేరు పడితే పరవాలేదట. ఎందుకంటే అది పేరు కాదు, సరుకు. ఆ సర్కారు మనసులోని మాట అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఆ అమ్మాయిల్లో చాలామంది పల్లెల్లో అప్పుల్లో మునిగిన కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళే. తండ్రి చేతిలో సొమ్ము పెట్టి, పిల్లని పదేళ్ళ ఒప్పందం మీద తెచ్చేవారు. తళతళలాడే ఆ పట్టుబట్టల ఖర్చు, పరుపుల ఖర్చు, వెంట ఉండే పిల్లల ఖర్చు అంతా మళ్ళీ ఆమె ఖాతాలోకే. బొమ్మ ఎంత బాగా అమ్ముడుపోతే అంత మంచి బట్టలు కట్టాలి. బట్టలు పెరిగితే అప్పు పెరుగుతుంది. గడువు తీరకుండా పోయినవాళ్ళు ఎందరో. యోషివారాకి దగ్గర్లో జోకాన్‌జి అనే గుడి ఉంది. దిక్కులేని శవాల్ని తెచ్చి పడేసే చోటు కాబట్టి దానికి 'విసిరేసే గుడి' అని పేరొచ్చింది. అక్కడికి చేరిన ఆడవాళ్ళు సుమారు 25,000 మంది అంటారు.

బొమ్మల్లో ఇదంతా కనిపిస్తుందా? కనిపించదు. కనిపిస్తే కొనేదెవరు? అయితే ఉతమారోకి అన్యాయం చెయ్యకూడదు. 1794 ప్రాంతంలో ఆయన యోషివారాలో పన్నెండు జాముల మీద ఒక వరస బొమ్మలు వేశాడు. అందులో అర్ధరాత్రి దాటాక ఒకామె నిద్రకళ్ళతో లేచి, చేతిలో చిన్న కాగితపు వత్తి పట్టుకుని, చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ ఉంటుంది. ఎవరికోసమూ నవ్వడం లేదు. కెమెరా ఆపేశాక తార ముఖం ఎలా ఉంటుందో షూటింగు చూసినవాళ్ళకి తెలుసు. సరిగ్గా అదే ముఖం. ఆ వరసలో నాకు నచ్చింది ఆ ఒక్క బొమ్మే.

మచిలీపట్నం రేవు మీదుగా

ఇక మన ఊరికి వద్దాం. జపాన్‌కీ మనకీ ఏం సంబంధం అంటారేమో. ఉంది. ఆ రోజుల్లో జపాన్ తలుపులు మూసుకుని కూర్చుంది. ఐరోపావాళ్ళలో డచ్చివాళ్ళని ఒక్కళ్ళనే ఒక చిన్న దీవిలో ఉండనిచ్చింది. ఆ డచ్చివాళ్ళకే మన మచిలీపట్నంలో కోఠీ ఉండేది. కోరమాండల్ తీరపు అద్దకపు బట్టలు వాళ్ళ ఓడల్లో జపాన్ చేరాయి. అక్కడివాళ్ళు వాటికి 'సరస' అని పేరు పెట్టుకుని మురిసిపోయారు. మన కలంకారీ చేతి పువ్వు ఎడోలో వికసించిందన్నమాట.

ఆ మచిలీపట్నం గోల్కొండ సుల్తానులది. ఏడో సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా 1626 నుంచి 1672 వరకు ఏలాడు. ఆయన కాలంలో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే మన ఊరి వేశ్యల గురించి రాసిన కబుర్లు చదివితే యోషివారా గుర్తుకు రాకమానదు. నగరంలో, శివార్లలో, కోటలో కలిపి 20,000 మందికి పైగా వేశ్యలు దరోగా పుస్తకంలో నమోదయి ఉండేవారట. అక్కడ గైడు పుస్తకం, ఇక్కడ దరోగా పుస్తకం! సాయంత్రమయేసరికి గుమ్మంలో నిలబడి, చీకటి పడగానే దీపం వెలిగించేవారట. వాళ్ళ మీద పన్ను లేదు. అంత దయ ఎందుకో తెలుసా? దీపాలు వెలిగే వేళకే కల్లు దుకాణాలు తెరిచేవారు. కల్లు మీద సుల్తానుకి బోలెడు రాబడి. ఆడవాళ్ళ దగ్గర పన్ను తీసుకోవడమెందుకు, వాళ్ళని చూసి వచ్చేవాడి దగ్గరే రాబట్టుకోవచ్చు. థియేటర్లో టిక్కెట్టు కన్నా పాప్‌కార్న్ మీద ఎక్కువ మిగులుతుందంటారు చూశారూ, ఆ లెక్క!

ప్రతి శుక్రవారం వాళ్ళలో కొందరు కోట ముందు మైదానానికి రావాలి. సుల్తాను మేడ మీద కనిపిస్తే ఆడాలి. కనిపించకపోతే నపుంసకుడైన కొలువు ఉద్యోగి చెయ్యి ఊపుతాడు, ఇళ్ళకి పోవాలి.

ఇక అసలు ముచ్చట. సుల్తాను మచిలీపట్నం చూడబోయినప్పుడు తొమ్మిదిమంది ఆడవాళ్ళు కలిసి ఏనుగు అయ్యారట. నలుగురు నాలుగు కాళ్ళు, నలుగురు ఒళ్ళు, ఒకామె తొండం. దాని మీద సింహాసనం వేసినట్టు సుల్తాను ఎక్కి ఊళ్ళోకి ఊరేగాడట!

మన శిల్పాల్లో, చిత్రాల్లో 'నవనారీ కుంజరం' అని ఒక బొమ్మ ఉంది. తొమ్మిదిమంది స్త్రీలు అల్లుకుని ఏనుగవుతారు, పైన కృష్ణుడో మన్మథుడో కూర్చుంటాడు. చూడగానే అబ్బ, ఏం చమత్కారం అనిపిస్తుంది. మచిలీపట్నంలో ఆ బొమ్మకి ప్రాణం వచ్చింది. ప్రాణం వచ్చిందంటే బరువు కూడా వస్తుంది కదా! సుల్తాను బరువు మోసిన ఆ తొమ్మిదిమంది పేర్లలో ఒక్కటి కూడా టావెర్నియే రాయలేదు.

దీనికి జోడీ జపాన్‌లో ఉందంటే ఆశ్చర్యపోతారు. 'ఎగుచి' అని ఒక పాత నో నాటకం. ఎగుచి ఊరి వేశ్య చివర్లో సమంతభద్ర బోధిసత్వుడిగా మారిపోతుంది. ఆమె కూర్చున్న పడవ తెల్ల ఏనుగవుతుంది. 1765లో రంగుల అచ్చుకి కారణమైన చిత్రకారుడు హరునొబు ఈ కథను బొమ్మ చేశాడు. తెల్ల ఏనుగు మీద వేశ్య తీరుబడిగా కూర్చుని ఉంటుంది. ఎక్కడి మచిలీపట్నం, ఎక్కడి ఎగుచి! ఒక బొమ్మలో ఆమె ఏనుగు. ఇంకో బొమ్మలో ఆమే ఏనుగు మీద. అయితే ఏనుగెక్కిన ఆమెకి కూడా మొన్నటివరకు కటకటాలే కదా అని మీరడగొచ్చు. నిజమే. బొమ్మలో దేవతని చేసినంత మాత్రాన అప్పు తీరదు.

పన్నెండు ద్వారాల మేడ

అబ్దుల్లా కొలువులో ఇద్దరు మాత్రం పేర్లతో మిగిలారు. తారామతి, ప్రేమామతి. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాటి, నార్సింగి మీదుగా ఇబ్రహీంబాగ్ వైపు వస్తే, ఒక గుట్ట మీద పన్నెండు ద్వారాల మండపం కనిపిస్తుంది. అదే తారామతి బారాదరి. ట్రాఫిక్ కరుణిస్తే అరగంట ప్రయాణం. కరుణించకపోతే ఒక సినిమా చూసినంతసేపు!

నేను వెళ్ళిన సాయంత్రం మెట్ల మీద పెళ్ళికి ముందు తీసుకునే ఫోటోల సందడి. ఒకవైపు కోట, ఇంకోవైపు అద్దాల మేడలు. తారామతి ఇక్కడ పాడితే రెండు కిలోమీటర్ల అవతల కోటలో ఉన్న సుల్తానుకి వినిపించేదని చెబుతారు. ఇద్దరు నర్తకులూ తాళ్ళ మీద ఆడుతూ సుల్తాను మేడ దాకా వెళ్ళేవారని కూడా చెబుతారు. కథలే. ఎడో కుర్రాడికి నూడుల్స్ ఖరీదుకి ఒయిరన్ బొమ్మ దొరికేది. ఇక్కడ చిత్రకారుడు గీసిన సూక్ష్మచిత్రాలు సుల్తాను పెట్టెల్లో ఉండిపోయేవి. జనం చేతికి బొమ్మ అందలేదు. అందుకే జనం కథలతో బొమ్మ గీసుకున్నారు. కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ప్రేమామతి సమాధి ఉంది. ఆమె పోయిన సంవత్సరం 1663. దాని మీది పారశీక వాక్యం ఆమెని స్వర్గంలోని గులాబీతో పోలుస్తుంది. చక్కని మాటే, కాదనను. అయితే అదీ ఇంకొకరు రాసిందే. ఆమె ఏమనుకుందో, ఏ పాట ఇష్టపడిందో మనకి ఒక్క ముక్క దక్కలేదు.

సంతకం చేసిన చందా

అలా ఒక్క ముక్క దక్కించిన మనిషి మన హైదరాబాదులోనే ఉంది. మహలఖా బాయి చందా. పుట్టింది 1768, పోయింది 1824. తల్లి రాజ్ కన్వర్ కూడా వేశ్యే. రెండో నిజాం కొలువులో చందా గానం, నాట్యం, కవిత్వం అన్నిట్లో మేటి. మగవేషంలో నిజాం వెంట యుద్ధాలకి వెళ్ళింది. జాగీర్లు సంపాదించింది. ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న అడిక్‌మెట్ నేల ఒకప్పుడు ఆమె జాగీరులోదే. మౌలాలీ గుట్ట దగ్గర తల్లికి సమాధి కట్టించింది, తనూ అక్కడే ఉంది. పోతూ పోతూ ఆస్తిని దిక్కులేని ఆడవాళ్ళకి ఇమ్మంది.

'మహలఖా' అనేది బిరుదు. చంద్రముఖి అని అర్థం. నిజాం కొలువు ఇచ్చింది. యోషివారా యజమాని పేరు ఇచ్చినట్టే కదా అంటారా? ఇక్కడే ఉంది తేడా. ఉర్దూ గజల్‌లో చివరి ద్విపదలో కవి తన పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. అదే కవి సంతకం. ఆమె అక్కడ 'మహలఖా' అని రాసుకోలేదు. 'చందా' అని రాసుకుంది. పుట్టినప్పుడు పెట్టిన పేరు! అందరూ చూసే ముఖానికి కొలువువారి పేరు, తను రాసిన మాటకి తల్లి పెట్టిన పేరు. ఉర్దూలో గజళ్ళ దివాను కూర్చిన తొలి స్త్రీలలో ఆమె ఒకతె. 1799లో ఒక ప్రతిని జాన్ మాల్కం అనే బ్రిటిష్ దొరకి తన చేతుల మీదుగా బహూకరించింది. అది ఇప్పటికీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆమెనీ దక్కన్ చిత్రకారులు బొమ్మలు వేశారు. అవి వాళ్ళ లెక్క. దివాను మాత్రం ఆమె లెక్క.

తెలుగులో కూడా ఇలాంటి సంతకం ఉంది, దాన్ని చెరిపిన చేతులూ ఉన్నాయి. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. తన వంశం గురించి గర్వంగా చెప్పుకుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చేసినవారు ఆ పద్యాలు ఎగరగొట్టారు. బెంగుళూరు నాగరత్నమ్మ, ఆమె కూడా దేవదాసీ వంశంలో పుట్టినదే, అసలు ప్రతి సంపాదించి 1910లో పూర్తిగా అచ్చు వేయించింది. దానికి పెద్దమనుషులకి కోపం వచ్చింది, సర్కారు నిషేధించింది. టంగుటూరి ప్రకాశంగారు ప్రధానిగా ఉండగా, 1947లో ఆ నిషేధం తొలగింది. ఒకామె సంతకం నిలబెట్టడానికి ఇంకో ఆమె పూనుకోవలసి వచ్చిందన్నమాట.

మన తెర మీద

సినిమా పత్రిక చదువుతూ సినిమా ముచ్చట లేకపోతే మీరు ఊరుకోరని తెలుసు. జపాన్ దర్శకుడు మిజోగుచి 1946లో 'ఉతమారో, అతని అయిదుగురు స్త్రీలు' తీశాడు. పదేళ్ళకి, 1956లో, యోషివారా మీదే తన ఆఖరి చిత్రం తీశాడు. మొదటిదాంట్లో బొమ్మ గీసేవాడు నాయకుడు. ఆఖరిదాంట్లో నాయకుడే లేడు. బాకీలు, బిడ్డలు, భర్తల మధ్య నలిగే ఆడవాళ్ళే ఉన్నారు. ఆ సినిమా విడుదలయిన ఏడాదే జపాన్ పార్లమెంటు వ్యభిచార నిషేధ చట్టం చేసింది. 1958లో యోషివారా లైసెన్సు దీపాలు ఆరిపోయాయి.

మనకి 1955లో వచ్చిన 'కన్యాశుల్కం' ఉంది. మధురవాణిగా సావిత్రి! ఆమె నవ్వులో ఎంత వేళాకోళం, కళ్ళలో ఎంత లెక్క! గిరీశాన్ని, రామప్పంతుల్ని ఆటాడించే ఆ మనిషిని చూస్తే ఇది ఎవరో గీసిన బొమ్మ అనిపించదు. గురజాడవారు సృష్టించిన పాత్రే, ఒప్పుకుంటాను. కాని ఆ పాత్రకి తన మాట తనకుంది. తెర మీద వేశ్య పాత్రలు వందలు వచ్చాయి. త్యాగం చేసి, దగ్గి, నాయకుడి ఒళ్ళో కన్నుమూసినవాళ్ళే ఎక్కువ. మధురవాణి దగ్గదు, చావదు. ఆ తేడా చాలదూ?

అద్దాల మేడలో చెక్కపని

ఇక హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ తలుపులు తెరిచింది. రాళ్ళగుట్టల మాదాపూర్ చూస్తుండగానే అద్దాల అడవి అయింది. ఇవాళ ప్రపంచానికి కావలసిన సాఫ్ట్‌వేర్ అక్కడ రాస్తున్నారు. ఎడోలో బొమ్మకి నలుగురు కావలసివచ్చేది. ఇప్పుడు ఒక్క కుర్రాడు, ఒక్క కంప్యూటరు చాలు.

చాలు కాబట్టే భయం. 2023 నవంబరులో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. లిఫ్టులోకి వస్తున్న ఒక యువతి వీడియోకి రష్మిక మందన్న ముఖం అతికించి వదిలారు. లక్షల మంది చూశారు. ఎంత భయం వేసిందో రష్మిక బహిరంగంగానే చెప్పింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. అతను ఆమె అభిమానేనట! ఆమె పేరుతో నడిపే పేజీకి జనం పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. చూశారా, పాత వాసన! ముఖం ఒకామెది. ఒళ్ళు ఇంకొకామెది. ఇద్దరి సంతకమూ లేదు. లాభం మూడోవాడికి.

అప్పటి ఒయిరన్ బొమ్మకి కనీసం చిత్రకారుడు సంతకం పెట్టేవాడు. బాధ్యత ఎవరిదో తెలిసేది. ఈ కొత్త అచ్చుబొమ్మకి ఎవరూ సంతకం పెట్టరు. సెన్సారు ముద్ర లేదు, ఇంటి గుర్తు లేదు. 'ఎవరో పంపారు, నేను పంపాను' అంతే. ఆ పంపే చెయ్యి మీదీ నాదీ కావచ్చు.

బొమ్మలు చూడొద్దని నేననను. అంటే ఈ పత్రికే మూసుకోవాలి! ఉతమారో గీత చూసి ముగ్ధులు కావలసిందే. తారలు అందంగా ఉండాల్సిందే, మనం ఈల వెయ్యాల్సిందే. అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ బొమ్మకి ఆమె ఒప్పుకుందా, లేదా? ఆమె ఒప్పుకుని దిగిన స్టిల్లయితే దర్జాగా గోడకెక్కించండి. ఒప్పుకోనిదని అనుమానం వస్తే వేలు ఆపండి. మీ దగ్గర ఆగిందంటే ఆ బొమ్మ వయసు అంతటితో సరి. చెక్క అరిగితేగాని ఎడోలో అచ్చు ఆగేది కాదు. మన చేతిలో ఆ పని క్షణం.

ఇంకొకటి. ఈసారి సినిమా అయిపోగానే లేచి పరుగెత్తకండి. పార్కింగులో బండి ఎక్కడికీ పోదు. చివరి టైటిల్స్ నిలబడి చదవండి. పాటలో వెనుక ఆడిన అమ్మాయిల పేర్లు వేశారా, నాయికకి గొంతు ఇచ్చినామె పేరు వేశారా చూడండి. వేస్తే మంచి నిర్మాత అని నాకు రాయండి. వేయకపోతే అదీ రాయండి. ఏ చిత్రం పేర్లు వేసిందో, ఏది ఎగరగొట్టిందో ఈ శీర్షికలోనే ప్రకటిద్దాం.

అన్నట్టు, ఈ ఆదివారం వీలుంటే మౌలాలీ వైపు వెళ్ళి రండి. తారామతి బారాదరి దగ్గర ఫోటోలు దిగే జనం ఎప్పుడూ ఉంటారు. చందా దగ్గర అంత రద్దీ ఉండదు. వచ్చేవారం మళ్ళీ కలుద్దాం!